ఖరగ్‌పూర్ స్టేషను: పొడవు చాటున మరుగైన చరిత్ర

ఖరగ్‌పూర్ రైల్వేస్టేషనును గురించి వ్రాసినవారు దాదాపుగా అందరూ ఒక అంకెతోనే ప్రారంభిస్తారు: 1072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారంగా చిరకాలం పోటీపరీక్షల ప్రశ్నపత్రాలలో వెలిగిన ఆ అంకెను 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి అధిగమించాయి. కీర్తికి పొడవొక్కటే ఆధారమైతే ఈ స్టేషను కథ అక్కడితో ముగిసినట్లే. అంత పొడవు ఎందుకు కావలసివచ్చిందని అడిగినవారు మాత్రం అరుదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. నాగపూర్ వైపునుంచి, కటకం వైపునుంచి వచ్చిన మార్గాలు 1890ల చివర ఇక్కడ కలిశాయి. 1900లో రూపనారాయణ నదిపై వంతెన పూర్తికావడంతో హౌరాకు దారి ఏర్పడింది. బొంబాయి విక్టోరియా టెర్మినస్ ప్రయాణం ముగిసే చోటు. గుమ్మటాలతో, శిల్పాలతో నగరానికి ముఖం చూపవలసిన కట్టడం. ఖరగ్‌పూర్ దాటిపోయే చోటు. ఒకే వరుసలో సాగే 1, 3 నంబర్ల ప్లాట్‌ఫారాలు నిజానికి ఒకే అరుగు. ముఖభాగాన్ని చూచి కట్టడాన్ని తూచే మన వాస్తువిమర్శకు ఇటువంటి నిర్మాణం అందదు. దీని రూపాన్ని నిర్ణయించినది శిల్పి ఊహ కాదు, రైలు నడక.

ఆ అరుగుమీద దిగి ఇక్కడే స్థిరపడినవారిలో ఉత్తరాంధ్రనుంచి రైల్వే కొలువుకు వచ్చిన తెలుగువారు ఎందరో. తాల్‌బగీచా పేరు వారి నోట తాటితోటే. స్టేషను దగ్గరి బోగ్దా అన్న పేరు విన్న తెలుగువానికి సొరంగం స్ఫురించక మానదు. వ్యుత్పత్తి ఏదైనా కానివ్వండి.

ఊరిలోనే మరొక కట్టడమున్నది. 1930లో నిర్బంధశిబిరమైన హిజ్లీ భవనం. 1931 సెప్టెంబరు 16న అక్కడ పోలీసు కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అసువులు బాశారు. 1951లో ఆ భవనంలోనే ఐ.ఐ.టి. ప్రారంభమైంది, నేడది మ్యూజియం. ఆ గౌరవం సముచితమే. అయితే 1927లో ఇక్కడి వర్క్‌షాపు కార్మికులు సాగించిన సమ్మె, వారి సంఘానికి నాయకత్వం వహించి తరువాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి పేరు స్టేషను వర్ణనలలో ఎంత అరుదుగా కనిపిస్తాయి! ప్లాట్‌ఫారం పొడవును దశాంశస్థానం వరకు చెప్పిన కలాలే, దానిపై నడిచినవారి ఊళ్ళ పేర్లు చెప్పడానికి వచ్చేసరికి ఆగిపోయాయి.