బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లాలి

"తెలిసినవాళ్లేగా, ఏం చూస్తాంలే" అనే మాట విన్నప్పుడల్లా నాకు గుండె గుభేలుమంటుంది. షోరూంలో కొత్త కారు కొనేటప్పుడు మ్యాట్ల కోసం గంటసేపు బేరమాడే మనిషే, చుట్టాల్లో ఎవరి తోడల్లుడో కారు అమ్ముతున్నాడని తెలిసి వెళ్తాడు. వాళ్లింట్లో కాఫీ తాగాక ఆర్సీ చూపించమని అడగడానికి నోరు రాదు. అడిగితే ఏమనుకుంటారో అని అడ్వాన్సు చేతిలో పెట్టి వచ్చేస్తాడు. సెకండ్ హ్యాండ్ కార్ల విషయంలో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ మొహమాటం దగ్గరేనని నా గట్టి నమ్మకం. కంపెనీల షోరూముల్లో పాత కారు కొంటే ఎంతో కొంత వారంటీ అంటూ ఉంటుంది. ఓనర్ దగ్గర నేరుగా కొంటే ధర కలిసొస్తుంది గానీ, రేపు ఏదైనా అయితే వెళ్లి అడగడానికి ఎవరూ ఉండరు. అందుకే అడగాల్సిందంతా డబ్బు ఇవ్వకముందే అడిగెయ్యాలి.

నాకు మెకానిక్ పని రాదు. బండి చూడటం మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్ వెంట తిరిగి నేర్చుకున్నాను. ఆయన మధ్యాహ్నం పూట బండి చూడ్డానికి రాడు. ఎండ ఎక్కకముందే, అమ్మేవాళ్ల ఇంటి దగ్గరే చూడాలంటాడు. వెళ్లగానే తాళం అడగడు. ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. వెచ్చగా ఉంటే, "పొద్దున ఎక్కడికైనా వెళ్లొచ్చారా అండీ?" అని మర్యాదగా అడుగుతాడు. ఎక్కడికీ వెళ్లలేదని సమాధానం వస్తే, ఇంకో రోజు వస్తామని చెప్పి బయల్దేరతాడు. రాత్రంతా నిలిపి ఉంచిన ఇంజన్ మొదటిసారి స్టార్ట్ అయ్యేటప్పుడే దాని జబ్బులన్నీ బయటపడతాయి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగేస్తోందని అర్థం. తెల్లపొగ కాసేపటికి కూడా ఆగకపోతే కూలెంట్ సిలిండర్లలోకి పోతోందేమో చూసుకోవాలి. ముందే వేడి చేసి పెట్టిన ఇంజన్‌లో ఇవేవీ సరిగా కనిపించవు. స్టార్టింగ్ ట్రబుల్ ఉన్నా తెలియదు.

తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందు ఆగి, మీటర్ బోర్డు వైపు చూడాలి. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అది వెలిగి అలాగే ఉంటే సిస్టమ్‌లో లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా పెద్ద అనుమానం. ఏ ప్రమాదంలోనో బ్యాగులు తెరుచుకున్నాక, కొత్తవి వెయ్యకుండా దీపాన్ని పీకేసి ఉండొచ్చు. ఈ ఒక్కటి మాత్రం ఎవ్వరూ వదిలెయ్యకూడదు. ఇందులో పోయేది డబ్బు కాదు.

నీళ్లలో మునిగిన బండ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడ్డప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వీధుల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. కార్లు నిలువునా మునిగాయి. అంతకుముందు 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2015 డిసెంబరులో చెన్నైలో ఇదే జరిగింది. బీమా కంపెనీలు టోటల్ లాస్ కింద డబ్బిచ్చేసిన బండ్లు వేలంలో పోతాయి. వాటిలో కొన్ని రిపేరై, కడిగించుకుని, కొత్త సీటు కవర్లతో మళ్లీ రోడ్డెక్కుతాయి. నీళ్లు తగిలిన వైరింగ్ వెంటనే చెడదు. నెలల తర్వాత, కనెక్టర్ల లోపల తుప్పు పట్టాక, ఒక్కొక్కటే మొరాయిస్తుంది. అప్పటికి అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.

దీన్ని పట్టుకునే పద్ధతి ఆ మెకానిక్ చేస్తుంటేనే చూశాను. తెల్ల డిజైర్. లోపల సెంటు వాసన గుప్పుమంటోంది, డాష్‌బోర్డు మెరిసిపోతోంది. ఆయన డ్రైవర్ సీటు బెల్టును చేతికి అందినంత కాదు, ఇక రాదనేదాకా మెల్లగా లాగాడు. రోజూ పెట్టుకునేటప్పుడు బెల్టు సగమే బయటికొస్తుంది. లోపల చుట్టుకుని ఉండే భాగాన్ని కడగాలని ఎవరికీ తోచదు. అక్కడ, చివర మూరెడు మేర, మట్టిరంగు మరక అడ్డంగా గీత గీసినట్టు తేలింది. ఆ తర్వాత సీటు కింద పట్టాల మీద వేలితో రాస్తే తుప్పు అంటుకుంది. స్టెప్నీ తీసి చూస్తే ఆ గుంతలో సన్నటి ఒండ్రు. అమ్ముతున్న కుర్రాడి మొహం పాలిపోయింది. అతనూ ఈమధ్యే ఇంకొకరి దగ్గర కొన్నాడట. అబద్ధం ఆడుతున్నాడని నాకనిపించలేదు. తనకు అంటగట్టిన బాధను ఇంకొకరికి అప్పజెప్పి బయటపడదామనుకున్నాడు, అంతే. అలా ఒక్కో బండి నలుగురైదుగురి ఉసురు పోసుకుంటుంది.

మీటర్ వెనక్కి తిప్పడం ఇప్పుడు ల్యాప్‌టాప్‌తో అయ్యే పని. కాబట్టి ఆ అంకెను ఒక్కదాన్నే నమ్మడానికి లేదు. టైరు పక్కన నాలుగంకెలు అచ్చు పోసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. మీటర్ 28 వేలు చూపిస్తున్న బండికి టైర్లు అప్పుడే మార్చి ఉంటే, ఎందుకు మార్చారని అడగాలి. పాతబడి పగుళ్లిచ్చాయని నిజమైన కారణమే చెప్పవచ్చు. అప్పుడు బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద తోలు అరుగుదల, సర్వీసు సెంటర్ బిల్లుల మీద రాసిన కిలోమీటర్లు కలిపి చూసుకుంటే నిజం తెలిసిపోతుంది.

చాలామంది చూడని కాగితం ఇంకొకటుంది, ఇన్సూరెన్స్ పాలసీ. గడువు తేదీ చూసి మడిచేస్తారు. అందులో నో క్లెయిమ్ బోనస్ శాతం రాసి ఉంటుంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఒక్కో ఏడాదికీ అది 20, 25, 35, 45 అలా పెరిగి 50 దగ్గర ఆగుతుంది. "చిన్న గీత కూడా పడలేదండీ" అంటున్న బండి పాలసీలో బోనస్ సున్నా ఉంటే, పోయినేడు ఏం జరిగిందని అడగాల్సిందే. మధ్యలో పాలసీ ఆగిపోయి కూడా బోనస్ పోవచ్చు. అదైనా అమ్మేవాళ్లే నోటితో చెప్పాలి. ఇంకో సంగతి, బోనస్ ఓనరుది, బండిది కాదు. తన పాత కారు మీది బోనస్‌ను దీనికి తెచ్చుకుని ఉండొచ్చు. అందుకని 50 శాతం చూసి ఊపిరి పీల్చుకోవడానికీ లేదు.

ఇన్ని ప్రశ్నలు అడిగితే అమ్మేవాళ్లకు కోపం రాదా? గుడివాడలో ఒక రిటైర్డ్ టీచర్‌గారి దగ్గర మా మేనల్లుడి కోసం వ్యాగనార్ చూడ్డానికి వెళ్లినప్పుడు నేనే కొంచెం తటపటాయించాను. ఆయనే అన్నారు, "అడగండి బాబూ, నేను మీ స్థానంలో ఉంటే అడగనా?" అని. లోపలికి వెళ్లి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చారు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు రాసి ఉన్నాయి, సర్వీసు బిల్లులు తేదీల వారీగా అతికించి ఉన్నాయి. "ఎడమ వెనక తలుపు మా అబ్బాయి గేటుకి రాసేశాడు. పెయింటు వేయించాను, బిల్లు ఇదిగో" అన్నారు, మేం ఆ తలుపు దాకా వెళ్లకముందే. ఎందుకు అమ్ముతున్నారంటే, కంటి ఆపరేషన్ తర్వాత రాత్రిళ్లు నడపలేకపోతున్నానన్నారు. మావాడు నన్ను పక్కకి పిలిచి, "మామయ్యా, ఇంకో పదివేలు తగ్గించమందామా?" అన్నాడు. వద్దన్నాను. ఆ నోట్‌బుక్ విలువ అంతకంటే ఎక్కువ.

నిజం చెప్పే మనిషి దగ్గర సమాధానం తేదీతో, కాగితంతో వస్తుంది. దాచేవాడి దగ్గర తొందర వస్తుంది. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తోంది, టోకెన్ వెయ్యండి" అంటాడు. మిలిటరీ యూనిఫాం ఫొటో పంపి, బదిలీ అయింది కాబట్టి కారు చవగ్గా అమ్ముతున్నానని, క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యమనే మోసం ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. బండిని, మనిషిని, ఇంటిని కళ్లారా చూడకుండా ఒక్క రూపాయి పంపకూడదు. ఇప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

అంతకంటే మన దగ్గర ఎక్కువ కనిపించేవి తాకట్టు బండ్లు. ఎవరిదో కారు అద్దెకు తీసుకుని, ఇంకొకరి దగ్గర కుదువపెట్టి, అక్కణ్నుంచి ఇంకొకరికి అమ్మేస్తుంటారు. కాబట్టి ఆర్సీలో పేరు, ఎదురుగా ఉన్న మనిషి ఆధార్, బండి ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు అన్నీ కలవాలి. ఆర్సీలో ఉన్నది బావగారి పేరైతే ఆ బావగారే రావాలి. ఓనర్ పోయాడంటే వారసుల పేరు మీదికి మారాకే మనం కొనాలి. ఒకప్పుడు ఏపీ 16 అనగానే విజయవాడ వైపు బండి అని తెలిసేది. 2019లో ఏపీ 39 వచ్చాక నంబరు చూసి ఊరు చెప్పలేం, ఆర్సీయే చూడాలి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టాక అక్కణ్నుంచి చవగ్గా వచ్చిన బండ్లకైతే ఎన్‌వోసీతో పాటు ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ లెక్క వేసుకున్నాకే చవకో కాదో తేలుతుంది. ఫైనాన్స్ తీరిపోయిందంటే సరిపోదు. బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ, ఫారం 35 చేతికి రావాలి. డబ్బు ఆర్సీలో పేరున్నవాళ్ల బ్యాంకు ఖాతాకే వెళ్లాలి. రెండు లక్షలు, ఆ పైన నగదుగా పుచ్చుకోవడం 2017 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు కూడా.

ఇక ఆర్సీ పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, ఫారం 30. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, పేరు మార్చుకోకుండా ఏళ్ల తరబడి తిప్పుకోవడం మన దగ్గర మామూలైపోయింది. ఇది అమ్మినవాడి మెడకే చుట్టుకుంటుంది. ఇలాగే చేతులు మారుతూ పోయిన ఒక బండి 2009లో ప్రమాదం చేస్తే, ఆర్సీలో పేరు మారలేదు కాబట్టి ఎప్పుడో అమ్మేసిన మొదటి ఓనరే పరిహారానికి బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుకే బండి అప్పజెప్పేటప్పుడు తేదీతో పాటు టైం కూడా వేసి, మీటర్ రీడింగ్ రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టిన డెలివరీ నోట్ చెరొకటి ఉంచుకోవాలి. ఆ రోజు వరకు ఉన్న చలాన్లు ఎవరు కడతారో అందులోనే రాసుకోవాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. గుడివాడ మాస్టారు వారం తిరక్కముందే ఫోన్ చేసి, "ఆర్సీ మీ పేరు మీదికి మారిందా?" అని అడిగారు.

పాలసీ పేరు మార్పిడికి కూడా గడువు 14 రోజులే. అది మార్చుకోకపోతే, రేపు మన బండికి దెబ్బ తగిలినా, బండి పోయినా బీమా కంపెనీ డబ్బు ఇవ్వకపోవచ్చు. పాత ఓనర్ బోనస్ ఆయనతోనే వెళ్లిపోతుంది కాబట్టి ఆ తేడా ప్రీమియం మనమే కట్టాలి. ఆ సొమ్మునూ, ట్రాన్స్‌ఫర్ ఖర్చునూ కలుపుకుని, రేటు మాట్లాడుకునే రోజే బేరం తేల్చుకోవాలి.