యిర్మీయా వాక్కున వంకయు వృక్షమును

తెనుఁగున క్రొత్త నిబంధన 1818లో శ్రీరామపురమున ముద్రితమైనది. నాఁటినుండి క్రైస్తవవాఙ్మయమును గూర్చిన ప్రసంగములలో భాషాదోషవిచారమునకుఁ గలిగిన స్థానము భావవిచారమునకుఁ గలుగలేదు. ఆ వాఙ్మయమునకు జీవమైన భావ మొకటి కలదు: మనుజుఁడు నీతిసూత్రములను వల్లించుటచేతఁ గాక, దేవునితోడి సాక్షాత్సంబంధముచేత సజ్జనుఁడగును. ఈ సంబంధ మెట్టిదో యిర్మీయా గ్రంథమునందలి రెండుపమానములు విశదము చేయుచున్నవి. అనంతపురపు మెట్టసీమలో నివి సులభముగా బోధపడును.

పడమటి కనుమల చాటుననుండుటచే ఈ సీమకు ఏఁటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే గతి. బుక్కరాయసముద్రమువంటి చెరువులు విజయనగరకాలమున వెలయుటకుఁ గారణ మీ కొఱతయే. ఇచటి వంక వానకుఁ బొంగి పాఱి, వేసవికి ఇసుకను మాత్రము మిగుల్చును. వాన తప్పిన యేఁడు సెనక్కాయపైరు మాడిపోవును; చెరువుకట్ట క్రింది చింతచెట్టు పచ్చగనే యుండును. ఎండ రెంటికి నొక్కటియే. భేదము వేళ్ల లోఁతున నున్నది.

క్రీస్తునకు పూర్వము 7-6 శతాబ్దులలో యూదాదేశమున నుండిన యిర్మీయా, 17వ అధ్యాయమున నీ భేదమునే చెప్పెను. నరులను మాత్రమే నమ్మినవాఁడు చవిటినేల పొదవంటివాఁడు. దేవుని నమ్మినవాఁడు నీటియొద్దకు వేళ్లు చాఁచిన వృక్షమువంటివాఁడు. ఇచ్చట గమనింపవలసిన దొకటి గలదు. సజ్జనునకుఁ గఱవు రాదని ప్రవక్త చెప్పలేదు. వేఁడిమియు, అనావృష్టియు వృక్షమునకును దప్పవు. ఆకు వాడకుండుటయు, ఫలము మానకుండుటయు మాత్రమే విశేషము. కావున నిది ఫలశ్రుతి కాదు.

ఇంతమాత్రమే యైనచో నిది యొక చక్కని నీత్యుపమానముగా నిలిచిపోయెడిది. కాని 15వ అధ్యాయమున నా ప్రవక్తయే దేవునిపై నింద మోపి, నీరున్నదని నమ్మించి వట్టిపోవు వంకతో నాతనిఁ బోల్చెను. దీనిని నిందాస్తుతి యనుట పండితులకు సహజము, అది సరికాదు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకమున నింద స్తుతికి ముసుఁగు; ముసుఁగు తొలఁగింపఁగా భక్తియే కనఁబడును. యిర్మీయా వాక్కున ముసుఁగు లేదు, ఉన్నది గాయమే. దేవుని ప్రత్యుత్తరము వెంటనే యూరడింపదు. మరలి రమ్మనియు, యోగ్యమును నీచమునుండి వేఱుచేయుమనియు, అట్లు చేసినచో తన నోరై యుండుదువనియు మొదట చెప్పును. తోడుందునను మాట పిదపనే వచ్చును. సద్గుణవృద్ధి జరుగుచోటిదియే. ఫిర్యాదు దాఁపఁబడలేదు, ఫిర్యాదు చేసినవాఁడు త్రోసివేయఁబడలేదు, కాని అతఁడు దిద్దఁబడెను. జలమునే శంకించినవాఁడు మరల జలమువైపు వేళ్లు చాఁచుట యెఱిఁగి చదివినప్పుడే 17వ అధ్యాయపు వృక్షమునకు బరువు కలుగును.

ఈ విశేషము వేమనతోఁ బోల్చినచో మఱింత స్పష్టమగును. ఆతని సమాధి 2022 వఱకు అనంతపురము జిల్లాలోనుండిన కటారుపల్లిలోఁ గలదు. ఆతనిని గూర్చి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1928లో అనంతపురముననే ఉపన్యసించిరి. వేమన తన పద్యమకుటమునఁ దన్నే సంబోధించుకొనును; అచట నేరస్థుఁడును న్యాయాధిపతియు మనస్సే. యిర్మీయా యన్ననో, వృక్షోపమానము ముగిసిన వెంటనే హృదయము సర్వముకంటె మోసకరమైనదనును. అట్టి హృదయమునకు న్యాయాధిపతి తనకన్న నన్యుఁడు కావలెను. బాహ్యాడంబరమును నిరసించుటలో నిరువురు నొక్కటియే, చికిత్సలోనే భేదము.

యోహాను సువార్త 15వ అధ్యాయమున నీ సంబంధమే ద్రాక్షావల్లీరూపము దాల్చినది. తండ్రి తీఁగలను కత్తిరించి శుద్ధిచేయు తోఁటకాపు. శిష్యులు దాసులు కారు, స్నేహితులు. పౌలు గలతీయులకు వ్రాయుచు శరీరకార్యములను బహువచనమునఁ జెప్పి, ప్రేమాదులగు తొమ్మిది గుణములను ఆత్మఫలమని ఏకవచనమునఁ జెప్పెను. కార్యములు చెదరియుండును, ఫల మొకేమూలమునుండి పుట్టును.

ఫలము మూలమునుండియే పుట్టునెడల మానవయత్నము వ్యర్థము గాదా యని యాక్షేపము రావచ్చును. నీరు చెట్టు సంపాదించినది కాదు. వేళ్లు చాఁచుట చెట్టు పని. అయినను ఈ యుపమానమునకు హద్దు కలదు: చెట్టు నీటిని నిందింపలేదు, మనుజుఁడు నిందింపఁగలఁడు. ఆ లోపమును పూరించునది వంక. వృక్షమును మాత్రము గ్రహించి వంకను విడిచిన వ్యాఖ్యానము సజ్జనత్వమును కఱవెఱుఁగని తోఁటగాఁ జిత్రించును. యిర్మీయా యెఱిఁగిన సజ్జనత్వము కఱవుసీమలోనిది.