ప్లేట్లు ఎవరు కడగాలి?

శనివారం సాయంత్రం ఎల్లారెడ్డిలో కామారెడ్డి బస్సెక్కుతాను. ఉద్యోగం నాది అక్కడ, మా ఆయనది ఇక్కడ. వారానికి ఒకటిన్నర రోజు కాపురం. అందులో ఆయన టీవీ ముందు, నేను వంటింట్లో. ఒకరోజు "నువ్వు గూడ ఆడరాదు" అని కంట్రోలర్ చేతిలో పెట్టిండు. పోటీ ఆటలైతే నా వల్ల కాదన్నాను. ఇద్దరూ ఒకే పక్షాన ఉండే ఆటలు వెతికాం.

మన పచ్చీసులోనూ ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జత. కానీ ఆ జత గెలవాలంటే ఇంకో జత ఓడాలి. ఈ ఆటల్లో ఓడేవాళ్లు లేరు. నాకు నచ్చింది అదే.

ముందు 'ఇట్ టేక్స్ టూ' ఆడాం. యోసెఫ్ ఫారెస్ దర్శకత్వంలో హేజ్‌లైట్ స్టూడియోస్ 2021లో తెచ్చిన ఆట. విడిపోదామనుకున్న భార్యాభర్తలు బొమ్మలైపోతారు. ఒక దశలో అతని దగ్గర మేకులు, ఆమె దగ్గర సుత్తి. అతను మేకు కొడితేనే ఆమె దాన్ని పట్టుకుని ఊగి దాటగలదు. ఒక్కరితో ఏదీ కాదు. ఊహ గొప్పది, ఆ ఏడాది 'ది గేమ్ అవార్డ్స్'లో ఉత్తమ గేమ్‌గా నిలిచింది కూడా. కానీ కూతురిని ఏడిపించడం కోసం, బతిమాలుతున్న ఏనుగు బొమ్మను ఇద్దరూ కలిసి ఈడ్చుకెళ్లి పడేసే ఘట్టం ఉంది. మేమిద్దరం ఆగిపోయాం. బటన్ నొక్కకపోతే కథ కదలదు. "వద్దు" అనే వీలు ఇద్దరిలో ఎవరికీ లేనప్పుడు దాన్ని సహకారం అనాలా, లొంగుబాటు అనాలా?

తర్వాత 'ఓవర్‌కుక్డ్'. 2016 నాటిది. ప్రేమ గురించి ఒక్క ముక్క చెప్పదు. ఉల్లిగడ్డలు కొయ్యాలి, సూప్ ఉడకాలి, ప్లేటులో పొయ్యాలి, గడియారం తరుముతుంటుంది. పట్టించుకోకపోతే గిన్నె అంటుకుంటుంది. బటన్లు ఆయనకు వచ్చు, వరస నాకు తెలుసు. "జల్ది కొయ్యి!" అని అరిచి, సూప్ తయారయ్యాక "ప్లేట్లేవి?" అన్నడు.

"కడగంది ఎట్లొస్తయి?" అన్నాను.

ఆయన మాట్లాడలేదు. సింకు దగ్గరికి తన బొమ్మను నడిపించుకుంటూ పోయిండు.

మొదటి ఆట పనిని ఇద్దరికీ సమానంగా పంచి ఇస్తుంది. ఏ ఇంట్లో అట్ల పంచి ఇస్తారు? రెండోది పంచదు. పని మధ్యలో పడేసి ఊరుకుంటుంది. ఎవరి కంటికి ఏది కనబడుతుందో, ఎవరికి ఏది కనబడదో అప్పుడు బయటపడుతుంది. కాపురం గురించి ఎక్కువ చెప్పింది ఈ రెండోదే అని నా అభిప్రాయం.

ఆటతో మనుషులు మారిపోతారని నేను రాయను. సోమవారం పొద్దున్న బస్సుకు బయల్దేరేటప్పుడు చూస్తే రాత్రి తిన్న గిన్నెలు సింకులోనే ఉన్నాయి. "నువ్వు పో, నేను చూసుకుంట" అన్నడు. పెండ్లైన ఆరేండ్లలో, సింకులో గిన్నెలున్నాయని నేను చెప్పకుండానే ఆయనకు కనబడటం అదే మొదలు.