చర్మకారుడు విధికుడి పలక

మ్యూజియంకి వెళ్తే బొమ్మ కంటే ముందు దాని కింది చీటీ చదవడం నాకు అలవాటు. చదివి నోటుపుస్తకంలోకి ఎక్కిస్తాను. అమరావతి శిల్పాల దగ్గర రాసుకున్నవి దాదాపు అన్నీ ఒకేలా ఉన్నాయి: సున్నపురాయి, ఫలానా శతాబ్దం, దొరికిన చోటు అమరావతి. అక్కణ్ణుంచి ఈ గదిలోకి ఎలా వచ్చిందో ఉండదు.

ఆ శిల్పాలున్న బౌద్ధ స్తూపాన్ని ఊరివాళ్లు దీపాలదిన్నె అనే దిబ్బగానే ఎరుగుదురు. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టించేటప్పుడు ఇటుకల కోసం, రాళ్ల కోసం దాన్ని తవ్వారు. ఆ దశాబ్దం చివర్లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని తిరిగి వచ్చేసరికి చాలా పలకలు లేవు. కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని బట్టీల్లో కాలి సున్నమైపోయాయి. అప్పుడు గీసిన బొమ్మల్లో కొన్నింటికి ఇవాళ రాయి లేదు, కాగితమే ఉంది. 1845లో మద్రాసు అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా ఉన్నాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో చాలా ఉన్నాయి. సొంత ఊళ్లో మిగిలినవి తక్కువే.

రాళ్లు ఎక్కడున్నా వెళ్లి చూడొచ్చు. పేర్లు పోతేనే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ స్తూపానికి రాళ్లిచ్చింది రాజులొక్కరే కాదు. భిక్షుణులు, వర్తకులు, గృహిణులు తలా ఒక పలక ఇచ్చి, బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో పేరు చెక్కించుకున్నారు. అందులో ఒకాయన విధికుడు, చర్మకారుడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు నాగుడు, కూతుళ్లు, బంధువులు, అందరితో కలిసి పూర్ణఘటం, అంటే నిండుకుండ, చెక్కిన పలక ఇచ్చాడు. కొడుక్కి తాత పేరు పెట్టుకున్నాడు చూడండి, మనమూ అదే చేస్తున్నాం.

పూర్ణఘటం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉంది. ఆఫీసు కాగితాల మీద రోజూ చూస్తాం. బడిలో శాతవాహన రాజుల వరస బట్టీ పట్టిన నాకు విధికుడి పేరు నలభై దాటాక గానీ తెలియలేదు.

ఆ పలక కింది చీటీ నన్ను రాయమంటే మొదటి వరసలో ఇలా రాస్తాను: చర్మకారుడు విధికుడు ఇంటిల్లిపాదితో కలిసి ఇచ్చినది. శతాబ్దం, రాయి రకం కింది వరసలో ఉంటాయి. నా నోటుపుస్తకంలో అయితే ఇప్పటికే అలా దిద్దుకున్నాను.