పాల సీసాల చంద్రలోకం

జో మీక్ ఆల్బమ్ 'ఐ హియర్ ఎ న్యూ వరల్డ్'ని ఇయర్‌ఫోన్స్‌తోనే వినాలి. ఫోన్ స్పీకర్లో పెడితే సగం పోతుంది. అప్పుడప్పుడే ఇళ్లల్లోకి వస్తున్న స్టీరియో ఏం చేయగలదో చూపిద్దామని 1959, 60ల్లో లండన్‌లో చేశాడు దీన్ని. శబ్దం ఈ చెవి నుంచి ఆ చెవికి నడిచి వెళ్లడం కూడా ఇందులో కథే.

కథంటే చంద్రుడి మీద జనం. గ్లోబాట్లు హుషారుగాళ్లు, సారూలు దిగులుగాళ్లు, డ్రిబ్‌కాట్లకి ఒక స్పేస్ బోటు. అట్ట మీద రాకెట్ బొమ్మేసి కాజీపేట జంక్షన్ బుక్‌స్టాల్లో అమ్మదగ్గ సరుకు. మీక్ ఎయిర్‌ఫోర్స్‌లో రాడార్ల దగ్గర పనిచేసొచ్చినవాడు. స్వరలిపి రాదు, కూనిరాగం తీసి వినిపిస్తే వాయించేవాళ్లే పట్టుకోవాలి. మిగతాదంతా ఇంటి సామాను: నీళ్లలో స్ట్రా పెట్టి ఊదిన బుడగలు, సింక్‌లోంచి జారే నీళ్లు, చెంచాతో కొట్టిన పాల సీసాలు, కావాలని షార్ట్ చేసిన కరెంటు సర్క్యూట్. హన్మకొండలో అద్దెగదుల్లో లాప్‌టాప్ మీద బీట్లు చేసే మిత్రులకి వినిపిస్తే ముందు అడిగేది "ఏం ప్లగిన్ అన్నా ఇది?" అనే.

'గ్లోబ్ వాటర్‌ఫాల్' ఒక్కటి చాలు. అక్కడ నీళ్లు కిందికి పారవు. పైకెక్కి, పెద్ద ముద్దగా ఊరి, ఇక ఆగలేక కూలిపోతాయి. సంగీతమూ అంతే చేస్తుంది. ఊరుతుంది, ఊరుతుంది, కూలుతుంది, మళ్లీ మొదలు. గుర్తుపెట్టుకొని పాడుకోడానికి ట్యూనంటూ ఏమీ మిగలదు. నాకు మాత్రం నిజంగా వేరే గ్రహం వినిపించింది ఇక్కడే.

మిగతా చోట్ల ఆ గ్రహం అనుమానంగా హవాయిలా ఉంటుంది. జారుగిటార్ అదే, అలల ఊపు అదే. వాయించిన కుర్రాళ్లు స్కిఫిల్ బ్యాండ్ వాళ్లు, అది వాళ్ల తప్పు కాదు. కానీ తెలియని లోకం అనగానే చిట్టి చిట్టి జనం, కీచుగొంతులు, గుంపు డాన్సులు... దొరలు దీవుల గురించి రాసుకున్న కథల్లో మనలాంటివాళ్లు కనిపించే తీరూ ఇదే కదా. పల్ప్ నవలల జబ్బు పాటకీ అంటింది. టేపు వేగం పెంచి చేసిన ఆ గొంతులు మూడో పాటకే విసిగిస్తాయి.

1960లో కొన్ని పాటలే, అవీ చాలా కొద్ది కాపీలు, ఒక ఈపీగా వచ్చాయి. రెండేళ్లకి ఇదే మనిషి చేసిన 'టెల్‌స్టార్' అమెరికాలో నంబర్ వన్ అయింది. ఈ ఆల్బమ్ మొత్తంగా బయటపడింది మాత్రం 1991లో. మనకి 'ఆదిత్య 369' వచ్చిన ఏడు. మన టైమ్ మెషీన్‌కి ఇళయరాజా ఉన్నాడు, వెనక ఒక సినిమా పరిశ్రమ ఉంది. ఇంట్లో గిన్నెలతో అంతరిక్షం చేసిన తెలుగు రికార్డు కోసం నేనింకా వెతుకుతూనే ఉన్నాను.

మీక్ స్వలింగ ప్రేమికుడు, అది నేరమైన దేశంలో. 1967 ఫిబ్రవరిలో ఇంటి ఓనరమ్మని కాల్చి చంపి, తనూ కాల్చుకున్నాడు. ఆ చట్టం సడలింది అదే జులైలో. ఆమె చావుని ఈ విషాదంలో కలిపేసి మెత్తగా మాట్లాడే వ్యాసాలు నాకు నచ్చవు. అలాగని తెలిశాక వినికిడి మారకుండానూ ఉండదు. టైటిల్ పాటలో ఒక మామూలు గొంతు పాడుతుంటే, వెనకే కీచుగొంతు అదే మాట తిరిగి అంటుంది. మొదట్లో అది గ్లోబాట్ జవాబు అనుకున్నాను. ఇప్పుడు వింటే రెండూ ఒకే గదిలోంచి వస్తున్నట్టున్నాయి.