టారెన్‌కి మంత్రవిద్య ఎందుకు రాదు?

'ఆటని ఆటలాగా చూడాలి, అందులో కూడా కులం వెతుకుతారా?' అని అడిగే మిత్రులున్నారు. వెతకక్కర్లేదు. మొదటి తెర మీదే ఉంది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట 2004 నవంబరులో అమెరికాలో మొదలైంది. వేలమంది ఒకే ఊహాలోకంలో తిరుగుతూ, రాక్షసుల్ని చంపుతూ, లెవెల్ తర్వాత లెవెల్ ఎక్కుతూ ఆడే ఆట. ఆ తొలినాళ్ల రూపాన్నే 2019 ఆగస్టులో 'క్లాసిక్' పేరుతో మళ్లీ విడుదల చేశారు. నేను ఆడింది దాన్నే. నేనేమీ ఆరితేరిన ఆటగాణ్ణి కాను. రాత్రి పేపర్లు దిద్దడం అయ్యాక ఓ గంట కూర్చునేవాణ్ణి, అంతే. అయితే అలవాటు పడినవాళ్ల కంటికి ఆనని నియమాలు అప్పుడప్పుడూ ఆడేవాడి కాలికి తగులుతుంటాయి.

ఆటలోకి పోవాలంటే ముందు 'రేస్' ఎంచుకోవాలి. తెలుగులో జాతి. తర్వాత 'క్లాస్', అంటే నేర్చే విద్య: యోధుడు, వేటగాడు, పూజారి, మాంత్రికుడు వగైరా. నేను టారెన్ జాతిని ఎంచుకున్నాను. ఎద్దు తల, గిట్టలు, భారీ ఒళ్లు. వాళ్ల గుడారాలూ, చెక్కిన స్తంభాలూ, ఈకలూ ఉత్తర అమెరికా ఆదివాసుల నుంచి తెచ్చినవని చూడగానే తెలుస్తుంది. మాంత్రికుణ్ణి చేద్దామంటే కుదర్లేదు. టారెన్‌కి నాలుగే దారులు: యోధుడు, వేటగాడు, షమన్, డ్రూయిడ్. మాంత్రికుడి విద్య ఆ పుట్టుకకి నిషిద్ధం. శంబూకుడి కథ తెలిసినవాళ్లకి ఇది కొత్త సంగతా?

పుట్టుకతో వచ్చే గుణాల పట్టిక చూడండి. నోమ్ జాతికి బుద్ధి 5 శాతం ఎక్కువ. మనుషులకి పేరుప్రతిష్ఠలు 10 శాతం ఎక్కువగా దక్కుతాయి. చేసే పని అదే, వచ్చే పేరు మాత్రం ఎక్కువ అన్నమాట. మరి టారెన్‌కి? ఒంటి సత్తువ 5 శాతం, మూలికలు ఏరడంలో 15 పాయింట్ల నేర్పు. ఆటలో తూకం కోసం ఇలా పంచారని సమర్థించొచ్చు. తూకమే కావచ్చు. ఎవరి సిబ్బెలో ఏది వేశారన్నదే మన ప్రశ్న.

ఒకటి ఒప్పుకోవాలి. ఈ ఆట రాక్షసజాతుల్ని ఉత్త దుర్మార్గులుగా చూపలేదు. ఆర్క్‌ల నాయకుడి పేరు థ్రాల్. ఇంగ్లీషులో ఆ మాటకి బానిస అని అర్థం. మనుషులు పెట్టిన నిర్బంధ శిబిరాల నుంచి తనవాళ్లని విడిపించినవాడతను. ఇంత విముక్తి కథ చెప్పి కూడా పట్టిక దగ్గరికొచ్చేసరికి మళ్లీ పుట్టుకనే కొలబద్ద చేశారు.

కులమూ ఇదీ ఒకటేనని నేననను. ఇక్కడ పుట్టుకని మనమే ఎంచుకుంటాం. నచ్చకపోతే చెరిపేసి ఇంకొకటి. అసలు ఆటలో 2009 నుంచి డబ్బు కడితే జాతి మార్చే ఏర్పాటు కూడా పెట్టారు. వాడలో పుట్టినవాడికి ఆ ఏర్పాటు ఎక్కడుంది? దాన్నుంచి ఎప్పుడంటే అప్పుడు లేచిపోగలిగినవాడికే పుట్టుక సరదా అవుతుంది.

ఇక శ్రమ సంగతి. ఒకరాత్రి ఓ మూల మూలికలు ఏరుకుంటున్నాను. ఎవరో ఏదో అడిగారు. నా ఇంగ్లీషు టైపింగు నెమ్మది, వెంటనే జవాబివ్వలేదు. 'నువ్వు ఫార్మర్‌వా?' అని తిట్టు. ఫార్మర్ అంటే ఇక్కడ రైతు కాదు. ఆటలో బంగారం పోగుచేసి అసలు డబ్బుకి అమ్మేవాడు. ఈ తిట్టు వెనక చరిత్ర ఉంది. చైనాలోని నాన్‌జింగ్‌లో కూలికి ఈ ఆట ఆడే యువకుల గురించి 2007లో జూలియన్ డిబెల్ న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రాశారు. రాత్రికి 12 గంటల పని, వారానికి ఏడు రాత్రులు, గంటకి దాదాపు 30 సెంట్లు. ఆ కూలీల మీద తోటి ఆటగాళ్ల అసహ్యం జాతిద్వేషంగా ఎలా మారిందో 2009లో లీసా నకమురా అనే అమెరికా పరిశోధకురాలు విశ్లేషించారు.

బంగారం అమ్మడం నిబంధనలకి విరుద్ధం, నిజమే. కానీ 2015 ఏప్రిల్‌లో కంపెనీయే టోకెన్ అమ్మకం మొదలుపెట్టింది. డబ్బుతో టోకెన్ కొని ఆటలో బంగారానికి మార్చుకోవచ్చు. మరి తప్పు అమ్మకంలో ఉందా, అమ్మే చేతిలో ఉందా? కులం పనుల పంపకం మాత్రమే కాదు, పనివాళ్లని విడదీసి మెట్లుమెట్లుగా పేర్చడమని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించారు. ఈ ఆటలో ఆ వాదన కళ్ల ముందు కనిపిస్తుంది. అవే మూలికలు, అదే ఏరడం. సరదాకి ఏరితే ఆటగాడు, పొట్టకూటికి ఏరితే దగ్గరికి రానివ్వకూడనివాడు. నన్ను తిట్టిన మనిషికి నేనెవరో తెలీదు. మౌనంగా పనిచేస్తున్న, ఇంగ్లీషు సరిగా రాని ఒక ఆకారం చాలు, ముద్ర వేయడానికి.

2022లో అసలు ఆటలో మాంత్రిక విద్యని టారెన్‌కీ తెరిచారు. 18 ఏళ్లు పట్టింది. ఆట ఏమీ కూలిపోలేదు. అంటే ఆ నిషేధం లేకపోయినా నడిచేదే, ఉంచాలనుకున్నారు కాబట్టి ఉంది. క్లాసిక్‌లో టారెన్‌కి దాన్ని అలాగే ఉంచారు. పాతరోజుల మీద మమకారంతో జనం చందా కట్టి మరీ ఆడారు, నాతో సహా.

మన పిల్లలు హాస్టళ్లలో ఇలాంటి ఆటలే ఫోన్ల మీద ఆడుతున్నారు. ఆడొద్దని చెప్పడం విమర్శ కాదు. ఆడనిద్దాం. పాఠాన్ని చదివినట్టే ఆ మొదటి తెరని కూడా చదవమందాం. ఎవరికి బుద్ధి ఇచ్చారు, ఎవరికి ఒళ్లు ఇచ్చారు, ఎవరి కూలితో బంగారం వచ్చింది అని అడగమందాం.