జీడి ఊళ్లో బజ్జీ నూనె బండి

పలాసలో ఉంటూ బండిని నూనెతో నడుపుతానంటే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "జీడి నూనేటి బావూ?" అడగడంలో తప్పేమీ లేదు. మాకు ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఎటు తిరిగినా జీడి కార్ఖానాలే, వాటి వెనక తొక్క గుట్టలే. ఆ తొక్కలో నూనె ఉంది, అది మండుతుంది కూడా. మండేదల్లా డీజిల్‌ ఇంజనుకు పనికొస్తే మా ఊరు ఈపాటికి దుబాయ్‌ని మించిపోయేది.

జీడి తొక్క నుంచి దిగేది మనం వంటింట్లో నూనె అనుకునే సరుకు కాదు. వేరుశెనగ, కొబ్బరి, పామాయిలు ఏదైనా సరే, అందులో కొవ్వు ఆమ్లాలు మూడేసి చొప్పున గ్లిజరిన్‌ని పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించి, గ్లిజరిన్‌ స్థానంలో ఆల్కహాల్‌ని కూర్చోబెట్టడమే బయోడీజిల్‌ తయారీ. జీడి తొక్క ద్రవంలో ఆ అల్లికే లేదు, అది ఫినాల్‌ జాతి. చర్మానికి తగిలితే పొక్కుతుంది. జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు నల్లబడేది దానివల్లే. వేడి తగిలేకొద్దీ చిక్కబడి బంక కడుతుంది. సన్నటి నాజిల్‌ రంధ్రాలకు అంతకన్నా శత్రువు లేదు. ఆ బంక గుణమే దానికి వేరే గిరాకీ తెచ్చింది. రంగుల్లోకి, రెసిన్లలోకి, బ్రేక్‌ లైనింగుల్లోకి వెళ్తుంది. అంటే జీపు ఆగడానికి జీడి సాయం పడుతుంది, కదలడానికి పనికిరాదు.

రెండో ప్రశ్న కొబ్బరి గురించి. కొబ్బరి తోటల మా ఉద్దానం ప్రాంతంలో పుట్టినవాడికి అది రాకుండా ఎలా ఉంటుంది? ఈసారి జవాబు అవును. పసిఫిక్‌ సముద్రంలో బోగన్‌విల్‌ అనే దీవి ఉంది. అక్కడి రాగి గని మీద గొడవ ముదిరి 1989లో గని మూతపడింది. మరుసటి ఏడాది పాపువా న్యూగినీ ప్రభుత్వం దీవిని దిగ్బంధించింది. డీజిల్‌ రాని ఆ రోజుల్లో జనం కొబ్బరి నూనె తీసి, దానితోనే ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌ బళ్లు నడుపుకున్నారు. ఫిలిప్పీన్స్‌ అయితే 2007 నుంచి డీజిల్‌లో 1 శాతం, 2009 నుంచి 2 శాతం కొబ్బరి బయోడీజిల్‌ కలపాలని చట్టమే చేసింది. డీజిల్‌ ఇంజనుకు మొక్కల నూనె కొత్తదీ కాదు. 1900 నాటి పారిస్‌ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్‌ ఇంజనును వేరుశెనగ నూనెతో నడిపారు. ఎంత సాఫీగా నడిచిందంటే, తేడా కనిపెట్టినవాళ్లు కొద్దిమందేనని రుడాల్ఫ్‌ డీజిలే చెప్పుకున్నాడు.

అయినా మా కొబ్బరి నేను ముట్టుకోను. లీటరు కొబ్బరి నూనె ధరకు రెండు లీటర్లకు పైగా డీజిల్‌ వస్తుందన్నది ఒక కారణం. అసలు కారణం తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తాతల నాటి కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు సాకాలి. మళ్లీ పాతి, నీళ్లు మోసి బతికించుకున్న చెట్టు కాయను ట్యాంకులో పోసుకోవడానికి నాకు చెయ్యి రాదు. బోగన్‌విల్‌ వాళ్లకు కాయలు మిగిలాయి, డీజిల్‌ లేదు. మాకు డీజిల్‌ ఉంది, కాయలు మిగలవు.

అందుకే నా నూనె కాశీబుగ్గ టిఫిన్‌ బళ్లది. పునుగులు, మిరపకాయ బజ్జీలు వేసి వేసి నల్లబడ్డ పామాయిలు. అది కూడా పారబోసేది కాదు. బండి మీద నూనె ఎప్పుడూ అయిపోదు, తగ్గినకొద్దీ కొత్తది కలుస్తుంది. "మిగిల్తే కదేటి నీకివ్వడానికి" అంటాడు బండి యజమాని. కాగి కాగి పాడైన నూనెలో పోలార్‌ పదార్థాలు 25 శాతం దాటితే వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టి, 2018 జులై నుంచి అమలు చేస్తోంది. బజ్జీ బండి దగ్గర దాన్ని కొలిచేదెవరు? నేను డబ్బిచ్చి కొంటేనే ఆ నూనె మూకుడు దిగుతుంది. నా బండి తాగిన ప్రతి లీటరూ ఎవరో తినబోయి తప్పించుకున్నదే. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇది.

తెచ్చిన నూనెను వడకట్టి, చిటపటలు ఆగేదాకా కాచి నీరు పోగొట్టాలి. తర్వాత అది ఎంత పులిసిందో చూడాలి. పుస్తకాలు ఫినాఫ్తలీన్‌ వాడమంటాయి, నాకు వంటింటి పసుపు చాలు. లీటరు డిస్టిల్డ్‌ వాటర్‌లో 1 గ్రాము కాస్టిక్‌ సోడా కలిపి ఉంచుకుంటాను. 1 మిల్లీలీటరు నూనెను 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌లో కరిగించి, చిటికెడు పసుపు వేసి, సిరంజితో సోడా నీళ్లు చుక్కలు చుక్కలుగా వదలాలి. పడ్డ చోట ఎరుపు మెరిసి, గ్లాసు కదిపితే మాయమవుతుంది. ఇంకో చుక్క, ఇంకో చుక్క. ఒక చుక్కకి ఆ ఎరుపు పోకుండా నిలబడిపోతుంది. పసుపూ సున్నమూ కలిసి పారాణి అయ్యేది కూడా సరిగ్గా ఈ గుణంతోనే. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో, లీటరు నూనెకు అన్ని గ్రాముల సోడా అదనం. ఈ అదనం లీటరు తాజా నూనెకు సరిపోయే మూడున్నర గ్రాముల పైన. మూకుళ్లో ఎక్కువ రోజులు మగ్గిన నూనె ఎక్కువ అడుగుతుంది. ఎవరు ఎన్నాళ్లకు నూనె మారుస్తారో వాళ్లు చెప్పక్కర్లేదు, పసుపే చెబుతుంది.

ఆ సోడాను లీటరుకు 200 మిల్లీలీటర్ల చొప్పున మిథనాల్‌లో కరిగించి, 55 డిగ్రీల వేడి నూనెలో మూసిన పాత్రలో గంటసేపు కలపాలి. తెల్లారేసరికి గ్లిజరిన్‌ బెల్లం పాకంలా అడుగుకు దిగి, పైన తేనెరంగు ఇంధనం తేరుతుంది. అందులో 3 మిల్లీలీటర్లు తీసి 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో వేసినప్పుడు అంతా కరిగిపోతే పని అయినట్టు. అడుగున నూనె బొట్టు కనిపించిందా, మళ్లీ మొదటికి.

మిథనాల్‌ గురించి మాత్రం ఈ పని నేర్చుకోవాలని వచ్చే కుర్రాళ్లకు గట్టిగా చెబుతాను. అది విషం. కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోతుంది, ఇంకొంచెం పోతే ప్రాణమే. పట్టపగలు దాని మంట కంటికి ఆనదు. 65 డిగ్రీలకే మరుగుతుంది. పొయ్యి ఉన్న చోట, పిల్లలు తిరిగే చోట ఈ పని పెట్టుకోకూడదు.

సోడా వల్ల ఏర్పడి, తయారైన ఇంధనంలో మిగిలిన సబ్బును చాలామంది నీళ్లతో కడుగుతారు. ఉద్దానంలో నాకు ఆ దారి నచ్చలేదు. ఇక్కడ ఊరూరా కిడ్నీలు పాడవుతున్నాయి, కారణమేమిటో ఇంకా తేలలేదు, తాగే నీటిని జనం అనుమానంగానే చూస్తారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో తెచ్చుకుంటున్న నేల మీద మిథనాల్‌ కలిసిన కడుగునీళ్లు ఎక్కడ పోయగలను? అందుకని రంపపు పొట్టు నింపిన గొట్టంలోంచి ఇంధనాన్ని దింపుతాను. సబ్బు పొట్టుకు అంటుకుంటుంది. ఆలస్యమవుతుంది, అవనీ.

బండి పాత మహీంద్రా ఎంఎం 540, ప్యూజో ఇంజనుది. వజ్రపుకొత్తూరు వైపు తోటల్లోకి వెళ్తే ఇసుకలో ముందు చక్రాలూ పని చేయాల్సిందే. మొదట్లో టెక్కలిలో గ్రానైట్‌ లారీల పంపులు బాగుచేసే పెద్దాయనకు చూపిస్తే ఒక్కటే మాట అన్నాడు: "ముందు పైపులు మార్చీ బావూ, తర్వాత ఏటి పోస్తావో పొయ్యి." పాత రబ్బరు ఈ ఇంధనానికి ఉబ్బి మెత్తబడుతుంది. ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని ఇది కడిగేసి ఫిల్టర్‌కి పంపిస్తుంది కాబట్టి మొదట్లో ఫిల్టర్లు వెంటవెంటనే మార్చుకోవాలి. లీటరుకు వచ్చే బలం డీజిల్‌ కన్నా కాస్త తక్కువ. పామాయిలుతో చేసింది డిసెంబరు తెల్లవారుజామున మబ్బు పడుతుంది, ఆ నెలల్లో డీజిల్‌ ఎక్కువ కలుపుతాను. కామన్‌ రైల్‌, బీఎస్‌ 6 లాంటి కొత్త బళ్లలో ఇలాంటి ఇంటి సరుకు పోయడం కొరివితో తల గోక్కోవడమే.

ఇక దేశం మాట. 2003 ప్రాంతంలో అడవి ఆముదం వేస్తే బీడు భూములన్నీ ఇంధన బావులవుతాయన్నారు. 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్‌ అని 2009 విధానంలో రాసుకున్నారు. దాని దరిదాపులకే పోలేదు. 2018 విధానం 2030 నాటికి 5 శాతమంటూ లక్ష్యం తగ్గించి, వాడేసిన వంటనూనె వైపు చూసింది. నీరూ సత్తువా లేని నేల అడవి ఆముదానికైనా కాపు ఇవ్వదని రైతును అడిగితే ఆనాడే చెప్పేవాడు.

అడవి ఆముదం మాట మొదలైన రోజుల్లోనే ఆదిలాబాద్‌ జిల్లా పవర్‌గూడలో ఆడవాళ్ల సంఘాలు కానుగ గింజలు ఏరి నూనె ఆడించాయి. డీజిల్‌ బదులు ఆ నూనె వాడితే తగ్గే కర్బనాన్ని ఇక్రిశాట్‌ పరిశోధన సంస్థ సాయంతో లెక్కగట్టారు. 2003లో ప్రపంచ బ్యాంకు 147 టన్నులకు 645 డాలర్లు ఇచ్చింది. పెద్ద సొమ్ము కాదు. కానీ వాళ్లు మొదలుపెట్టింది చెట్టు కింద రాలిన గింజతో. లక్ష్యం ముందు రాసుకుని చెట్టును తర్వాత వెతకలేదు.

నా జీపు నాకు నేర్పిందీ ఈ లెక్కే. ఊరు వదిలేసినంత నూనె, ఆ నూనె ఉన్నంత దూరం. పండగ వారాల్లో ఎక్కువ దొరుకుతుంది, మూఢం నెలల్లో తగ్గుతుంది, అప్పుడు డీజిల్‌ బంకుకు వెళ్తాను. పలాస బళ్లన్నిటికీ ఈ నూనె చాలుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. దీన్ని వ్యాపారం చేద్దామని వచ్చే కుర్రాళ్లకూ అదే చెబుతాను. సొంత బండిలో పోసుకోవడం వేరు, అమ్మడం వేరు. బయోడీజిల్‌ అమ్మకానికి 2019లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, ప్రమాణాలున్నాయి, అనుమతులున్నాయి. పెరటి పీపాలో చేసింది ఆ గీటురాయికి నిలవదు.

ఊరు చేయగలిగింది మాత్రం ఒకటుంది. పలాస-కాశీబుగ్గ మున్సిపాలిటీ చెత్త బండి ఇంటింటికీ తిరుగుతోంది కదా, వారానికోసారి టిఫిన్‌ బళ్ల ముందు ఒక డబ్బా పెట్టి నల్లబడ్డ నూనె కొనొచ్చు. పోగైంది కాకినాడలాంటి చోట్ల అనుమతి ఉన్న తయారీదారులకు అమ్మొచ్చు. బండివాడికి కొత్త టిన్ను ఖర్చులో కొంత తిరిగొస్తుంది, జనం కడుపులోకి ఆ నూనె పోవడం తగ్గుతుంది. అప్పుడు నా జీపుకి దొరికేది తగ్గిపోతుందని నాకు తెలుసు. ఆ ఏర్పాటు జరిగేటట్టయితే బంకు దగ్గర వరసలో నిలబడడానికి నాకేమీ బాధ లేదు.